ఎవరిది, ఎప్పటినుంచి

ఆవిడ పోయారన్న సంగతి నాకు పదకొండు రోజుల తరవాత తెలిసింది. అవనిగడ్డలో నర్సుగా పనిచేస్తున్న రేవతి ఫోన్ చేసి, "అన్నయ్యా, మీకెవరూ చెప్పలేదా? మీకు తెలియకుండా ఎలా ఉంటుందిలే అనుకుని నేనూ చెయ్యలేదు" అంది. పెద్ద జబ్బేమీ కాదట. మధ్యాహ్నం భోంచేసి, పేపరు చదువుకుంటూ కుర్చీలోనే వెళ్ళిపోయారట.

ఆవిడ తలపుకొస్తే ఇంకెవరికైనా రిజిస్ట్రేషన్ ఆఫీసో, దస్తావేజుల కట్టలో కళ్ళముందు మెదులుతాయి. నాకు మాత్రం ఇంటర్నెట్‌లో ఒక పేజీ గుర్తొస్తుంది. తెల్లటి పేజీ, మధ్యలో ఒక ఖాళీ గడి. ఆ గడిలో ఏదైనా వెబ్‌సైట్ పేరు కొడితే, ఆ పేరు ఎవరు తీసుకున్నారో, ఏ తారీఖున తీసుకున్నారో, ఎప్పటిదాకా చెల్లుతుందో, వాళ్ళ అడ్రసేమిటో చెబుతుంది. దాన్ని 'హూఈజ్' అంటారు. ఇప్పుడు అందులో మనుషుల పేర్లు దాదాపుగా కనిపించవు. పేరుండాల్సిన చోట 'గోప్యం' అని ఉంటుంది. అందుకు కారణాలున్నాయి, మంచివే. కానీ రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో అలా ఉండేది కాదు. వెబ్‌సైట్ పేరు తీసుకున్నవాడి ఊరూ పేరూ ఫోన్ నంబరూ లోకంలో ఎవరడిగినా కనిపించేవి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. బందరు బస్టాండుకి ఎదురుసందులో ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ఆరు కంప్యూటర్లు, ఒకటే టెలిఫోన్ లైను. ఆరుగురూ ఒకేసారి కూర్చుంటే ఒక్కో పేజీ తెరుచుకునేలోపు వెళ్ళి టీ తాగి రావచ్చు. ఖాళీ ఉన్నప్పుడు చిన్నచిన్న వ్యాపారులకి వెబ్‌సైట్లు చేసిపెట్టేవాణ్ణి. ఊళ్ళో ఆ పని తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఆ కాస్త విద్యకే నాకు చాలా గర్వంగా ఉండేది.

ఆవిడ మొదటిసారి వచ్చింది పక్కింటి అమ్మాయి ఇంటర్ రిజల్టు చూడ్డానికి. హాల్ టికెట్ నంబరు అడుగుతూ నేను కీబోర్డు మీదికి వంగితే, "నువ్వు జరగవయ్యా. మా ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చినప్పుడు అందరికంటే ముందు నేర్చుకుంది నేనే" అని కుర్చీ లాక్కున్నారు. అంకెలు ఒక్కొక్కటే కొట్టి, మళ్ళీ ఒకసారి సరిచూసుకుని, ఎంటర్ మీట మీద ఉంగరం వేలు పెట్టి గట్టిగా అదిమారు. కాగితం మీద రబ్బరుస్టాంపు వేసినట్టు. అప్పుడు చేతులు కట్టుకుని వెనక్కి వాలారు. పేజీ వచ్చేదాకా మళ్ళీ ఏదీ ముట్టుకోలేదు. ఊరికే నొక్కినమీద నొక్కుతూ ఉండే మా కుర్రకారు చూసి నేర్చుకోవాల్సిన ఓపిక అది.

సందులో అందరూ ఆవిణ్ణి 'రిజిస్ట్రారమ్మ గారు' అనేవాళ్ళు. ఎవరన్నా ప్రతిసారీ ఆగి సరిదిద్దేవారు. "నేను రిజిస్ట్రారుని కాదు నాయనా, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. లేని హోదా అంటగట్టకండి." వాళ్ళు మర్నాడు మళ్ళీ అదే పిలుపు పిలిచేవాళ్ళు. ఆవిడా మర్నాడు మళ్ళీ సరిదిద్దేవారు. నేను కొన్నాళ్ళు మేడం గారన్నాను, తరవాత పిన్నిగారన్నాను. దానికి మాత్రం అభ్యంతరం చెప్పలేదు.

అవనిగడ్డలో, గుడివాడలో, చివరికి బందర్లో ఆవిడ చేసిన ఉద్యోగమంతా వెతకడమే. పొలం కొనేవాళ్ళు వస్తే, అది ఎవరి పేరు మీద ఉంది, ఎవరి దగ్గర్నుంచి ఎవరికి మారింది, తాకట్టులో ఉందా లేదా అన్నది పాత ఇండెక్సు పుస్తకాల్లో వెతికి చెప్పడం. ఆ వెతుకులాట రిటైరయ్యాక కూడా ఆవిణ్ణి వదల్లేదు. చేతిసంచీలో ఎప్పుడూ ఒక కొయ్య స్కేలుండేది. ఏది చదవాలన్నా, పెళ్ళి శుభలేఖైనా సరే, వరస కింద స్కేలు పెట్టుకుని ఒక్కో వరసా దించుకుంటూ చదివేవారు. కంప్యూటర్ తెర మీద కూడా అంతే. తెర మీద గీతలు పడతాయండీ అంటే, "గీతలు పడితే తుడుచుకోవచ్చు, వరస తప్పితే కొంప మునుగుతుంది" అనేవారు.

'హూఈజ్' పేజీ ఆవిడ కంట పడటం యాదృచ్ఛికంగా జరిగింది. పెడనలో కలంకారీ దుప్పట్లు అద్దే ఒకాయన తన కూతురి పేరుతో వెబ్‌సైట్ కావాలన్నాడు. ఆ పేరు ఖాళీగా ఉందో లేదో చూస్తున్నాను. పిన్నిగారు పక్క కుర్చీలోంచి మెడ చాచారు.

"ఏం వెతుకుతున్నావయ్యా?"

"పేరండీ. ఎవరైనా తీసేసుకున్నారేమో చూస్తున్నా."

"తీసుకుంటే ఎవరో చెబుద్దా?"

"చెబుతుందండీ. అడ్రసుతో సహా."

"ఎప్పుడు తీసుకున్నారో?"

"అదీ చెబుతుంది."

ఆవిడ లేచి, కుర్చీ లాక్కొచ్చి నా పక్కనే వేసుకున్నారు. తెర మీద ఆ పేరు హాలెండులో ఉన్న ఎవరో స్త్రీ పేరున కనిపించింది. స్కేలు పెట్టి పైనుంచి కిందికి చదివి, "ఎవరిది, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. ఇంకేం కావాలి? ముప్ఫయ్యేళ్ళు నేను చేసిన పని ఇదేగా" అన్నారు. ఆ ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

పేరు దొరకలేదని నేను వదిలేశాను. ఆవిడ వదల్లేదు. ఆ అడ్రసు కాగితం మీద ఎక్కించుకుని, ఆఫీసు ఇంగ్లీషులో, పైన విషయమూ సూచికా రాసి మరీ, పోస్టులో ఉత్తరం పంపారు. ఫలానా పేరు మీకు అక్కర్లేకపోతే పెడనలో ఒక గౌరవనీయుడైన చేతివృత్తిదారుకి కావాలి అని. నేనూ పెడన ఆయనా చాటుగా నవ్వుకున్నాం. రెండున్నర నెలలకి జవాబొచ్చింది. వానలో తడుస్తున్న ఒక వీధి బొమ్మ ఉన్న కార్డు. ఆ పేరు మా మనవరాలిది, దాని కోసమే తీసి ఉంచాను, ఇవ్వలేనందుకు క్షమించండి అని రాసుంది.

పిన్నిగారు ఆ కార్డు పట్టుకుని సెంటర్‌కి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు. "చూశావా! అడ్రసు నిజవేనయ్యా! రాసినచోటే ఉంది ఆవిడ!" పేరు రాలేదన్న విచారం లేదు. పుస్తకంలో రాసి ఉన్నదీ లోకంలో ఉన్నదీ ఒకటే అయింది, అదీ ఆవిడ ఆనందం. పెడన ఆయనతో, "అక్కడ కూడా ఒక పిల్ల ఉంది నాయనా ఇదే పేరుతో. నీ కూతురి ఈడుది అయ్యుంటుంది. నువ్వు ఇంకో పేరు పెట్టుకో" అన్నారు. ఆయన తన ఇంటిపేరు పెట్టుకున్నాడు.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లయినా వచ్చేవారు. ఎవరి పిల్లలైనా ఏదైనా కాలేజీ గురించి చెబితే ఆ కాలేజీ సైటు పేరు కొట్టి చూసేవారు. ముప్ఫయ్యేళ్ళ చరిత్ర ఉందని డబ్బా కొట్టుకునే సంస్థ సైటు మొన్న వేసవిలో మొదలయిందని తేలితే, "చరిత్ర పాతదే అయ్యుండొచ్చు, సైటు కొత్తదే కావచ్చు. తొందరపడి మాట అనకూడదు. కానీ ఒక ప్రశ్న అడగాలి" అనేవారు. అనుమానానికీ ఆరోపణకీ మధ్య దూరం ఆవిడకి బాగా తెలుసు. పేరు దాచుకున్నవాళ్ళు అప్పుడు కూడా అక్కడక్కడా తగిలేవారు. "తలుపేసుకున్నాడు. వేసుకోనీ, ఆడవాళ్ళున్న ఇల్లేమో" అని పక్కకి జరిగేవారు. అబద్ధం పేరు తగిలితే మాత్రం ముఖం గంటుపెట్టుకునేవారు.

ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం తెలిసింది. ఉక్కపోతకి ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. దివిసీమ ఉప్పెన నాటికి ఆవిడ అవనిగడ్డ ఆఫీసులో ఉన్నారు. ఉప్పెన తరవాత నెలల తరబడి జనం వచ్చారట. ఇళ్ళూ పోయాయి, ఇంట్లో పెట్టెలూ పోయాయి, పెట్టెల్లో కాగితాలూ పోయాయి. ఏ పొలం ఎవరిదో పుస్తకాల్లో చూసి నకళ్ళు ఇవ్వాలి.

"అందులో ఒకాయన ప్రతి వారం వచ్చేవాడు. ఇరవై సెంట్లు వాళ్ళావిడ పేరున ఉంది. ఆవిడ కొట్టుకుపోయింది. నకలు ఇచ్చేశాను. అయినా మళ్ళీ వచ్చేవాడు. ఏం కావాలయ్యా అంటే, 'ఏం లేదమ్మా, ఆ పేజీ ఒకసారి చూపించండి' అనేవాడు. ఫొటో లేదు, ఇల్లు లేదు. ఆవిడ ఉండేదనడానికి మా పుస్తకంలో ఆ ఒక్క వరసే మిగిలింది. చూసుకుని వెళ్ళిపోయేవాడు." కొంగుతో మెడ తుడుచుకున్నారు. "అందుకని ఎవరైనా పుస్తకంలో తప్పు పేరు ఎక్కిస్తే నాకు ఒళ్ళు మండుతుందయ్యా."

నేను ఊఁ కొట్టాను. ఆ మాట నాకూ చెందుతుందని అప్పుడు తట్టలేదు.

అప్పటికి నా దగ్గర తయారైన సైట్లు పద్నాలుగో పదిహేనో ఉండేవి. పేర్లన్నీ నా పేరు మీదే తీశాను. ఆన్‌లైన్‌లో కొనాలంటే కావలసిన కార్డు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా బావ దగ్గరుండేది. ఆయన చేత కొనిపించి, యజమాని అన్నచోట నా పేరూ సెంటర్ అడ్రసూ పెట్టేసేవాణ్ణి. అందరి వివరాలూ అడగడం, నింపడం ఎవడికి ఓపిక? అలా తీసినవాటిలో ఒకటి గుడివాడలో ఒక ఏజెంటుది. నర్సింగ్ చదివిన అమ్మాయిలని గల్ఫ్ దేశాల ఆసుపత్రులకి పంపుతానన్నాడు. మంచి మాటకారి. నన్ను 'సార్' అన్న మొదటి మనిషి. ఇరవయ్యేళ్ళుగా సేవలో ఉన్నామని రాయమన్నాడు, రాశాను. పెద్ద ఆసుపత్రి బొమ్మ పెట్టమన్నాడు, ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టాను. అది ఎవరి ఆసుపత్రి అని అతను చెప్పలేదు, నేనడగలేదు.

నెలా పదిరోజులు గడిచాయి. ఒక గురువారం పొద్దున్నే పిన్నిగారు ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఒకామె నాంచారమ్మ, హంసలదీవి దగ్గర పల్లె. భర్త సముద్రంలో చేపల వేటకి వెళ్తాడు, ఆమె అవనిగడ్డ సంతలో ఎండురొయ్యలు అమ్ముతుంది. ఆఫీసు రోజులనించీ పిన్నిగారికి తెలుసు. రెండో మనిషి ఆమె కూతురు రేవతి, నర్సింగ్ పూర్తి చేసిన పిల్ల.

"గుడివాడలో ఎవరికో ఒరిజినల్ సర్టిఫికెట్లూ పాస్‌పోర్టూ ఇచ్చేసి వచ్చారట. సోమవారం బొంబాయి తీసుకెళ్తాడట. నన్నడగొద్దా ముందు?" అంటూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. "సైటు పేరు చెప్పమ్మా."

రేవతి ఒక్కో అక్షరం చెబుతోంది. మూడో అక్షరానికే నాకు అర్థమైంది. అప్పుడే చెప్పి ఉండొచ్చు. 'పిన్నిగారూ, అది నేనే చేశానండీ' అంటే సరిపోయేది. నేను ప్రింటర్ దగ్గర నిలబడి, ఫోన్ లైన్ తెగిపోతే బావుండునని కోరుకున్నాను. ఎంటర్ మీట టక్కుమంది. ఆవిడ చేతులు కట్టుకుని వెనక్కి వాలారు. లైను తెగలేదు.

స్కేలు తెర మీద కిందికి దిగింది. "నలభై రోజులైంది పేరు తీసుకుని. ఇరవయ్యేళ్ళ సంస్థట!" స్కేలు ఇంకో వరస దిగి ఆగిపోయింది. అక్కడ నా పేరుంది. సందు పేరూ, సెంటర్ పేరూ ఉన్నాయి. ఆవిడ పైకి చదవలేదు. వెనక్కి తిరిగి నా వైపు కూడా చూడలేదు.

"నాంచారమ్మా, మీరిద్దరూ వెళ్ళి పక్క కొట్లో సోడా తాగి రండి" అన్నారు.

వాళ్ళు వెళ్ళాక, "ఇది ప్రింటు తియ్యి" అన్నారు. తీశాను. కాగితం బల్ల మీద పరిచి, నా పేరు కింద స్కేలు పెట్టారు.

"ఎవరిది?"

"నాదేనండీ."

"నీదని కనబడుతూనే ఉంది. ఎందుకు నీది అని అడుగుతున్నా."

చెప్పాను. బావ కార్డు సంగతి, ఏజెంటు తొందరపెట్టిన సంగతి, అన్నీ నా పేరు మీదే తీసే అలవాటు. చెబుతుంటే ఒక్కో కారణం నా చెవికే చిన్నదిగా వినిపించింది.

"ఇరవయ్యేళ్ళని రాసిందెవరు?"

"అతను చెప్పాడండీ... నేనే రాశాను."

"దస్తావేజు రైటర్లు కూడా ఇదే చెప్పేవాళ్ళు. వాళ్ళు చెప్పారు, మేం రాశాం." తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. "ఇప్పుడేం చేస్తావ్?"

"ఇప్పుడే సైటు తీసేస్తానండీ."

"తీసేస్తే వాడు జాగ్రత్తపడతాడు. కాగితాలు వాడి దగ్గరే ఉన్నాయి. ముందు కాగితాలు, తరవాత సైటు. గుడివాడ బస్సెక్కు, పద."

నలుగురం బయలుదేరాం. పెడన దాటేటప్పుడు కాలవ గట్ల మీద అద్దకం బట్టలు ఆరేసి ఉన్నాయి. రేవతి ఒకసారి నా వైపు తిరిగి, "మీరూ మా కోసం వస్తున్నారు, థాంక్సండీ" అంది. పిన్నిగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను చెప్పేదాకా ఆవిడ చెప్పరని తెలిసింది. గుడ్లవల్లేరు వచ్చేలోగా చెప్పాను. నాంచారమ్మ ఒళ్ళోని సంచీ గట్టిగా పట్టుకుని, "సదూకున్నోళ్ళు కదయ్యా మీరు" అంది.

ఏజెంటు ఆఫీసు ఒక బట్టలకొట్టు పైన. నన్ను చూసి లేచి, "రండి సార్, రండి! వీళ్ళంతా మన పార్టీయేనా?" అన్నాడు.

పిన్నిగారు కుర్చీలో కూర్చుని, రేవతిని చూపించి, "ఈ అమ్మాయి ఒరిజినల్స్ వెనక్కి ఇవ్వండి" అన్నారు.

"ఎంబసీకి పంపేశామండీ."

"ఏ తారీఖున?"

"మొన్ననే."

"మొన్నంటే మంగళవారం. ఈ అమ్మాయి మీకిచ్చింది నిన్న, బుధవారం."

అతను నవ్వు తగ్గించి నా వైపు తిరిగాడు. "ఏంటి సార్ ఇది? మీకేమైనా తేడా వస్తే మనిద్దరం మాట్లాడుకుందాం. ఊరికే గొడవ చేస్తే మీకే నష్టం. సైటు నా పేరు మీద లేదు, మీ పేరు మీద ఉంది. రేపు ఎవరొచ్చినా ముందు మీ కాలరే పట్టుకుంటారు."

అది నిజం. పిన్నిగారే జవాబు చెప్పారు, నెమ్మదిగా.

"అవును. అతని పేరు మీదే ఉంది. అందుకే వచ్చాడు."

ఆ మాటతో నేను బల్ల దగ్గరికి జరిగాను. "కింద వీధిలో ఇంటర్నెట్ సెంటరుంది. పది నిమిషాల్లో నీ సైటంతా తీసేసి, ఇది మోసం, నమ్మొద్దు అని రాసి, కింద నా పేరూ ఫోన్ నంబరూ పెడతాను. సోమవారం వచ్చేవాళ్ళు అదే చూస్తారు" అన్నాను.

అతను కాసేపు లెక్కలేసుకుని, ఇనప బీరువా తీసి రేవతి కవరు బల్ల మీద పడేశాడు. రేవతి అందుకోబోయింది. నాంచారమ్మ ఆమెను పక్కకి జరిపి బీరువాకి ఎదురుగా నిలబడింది. సంతలో బేరగాళ్ళని అదిలించే గొంతుతో, "నా బిడ్డ ఒకర్తేనా? అందులో ఉన్నయ్యన్నీ తియ్యి. అన్నీ ఆడపిల్లలయ్యేగా. అన్నీ తియ్యి" అని అరిచింది. కింద బట్టలకొట్టు వాళ్ళు మెట్లెక్కి వచ్చారు. కవర్లన్నీ బల్ల మీదికొచ్చాయి.

పిన్నిగారు ఒక్కోటీ విప్పి, పైన రాసిన పేరూ లోపలి సర్టిఫికెట్ మీద పేరూ ఒకటేనా అని స్కేలు పెట్టి చూశారు. పదకొండు సరిపోయాయి. పన్నెండోది ఖాళీగా ఉంది. పైన ఒక అమ్మాయి పేరు, నందివాడ మండలంలో ఒక ఊరు.

"ఈమెవి ఏవి?"

"ఆ పిల్ల వెళ్ళిపోయిందండీ. పదిహేను రోజులైంది, బొంబాయి" అన్నాడు.

అట్నుంచటే పోలీస్ స్టేషనుకి వెళ్ళాం. ఫిర్యాదు పిన్నిగారు చెబుతుంటే నేను రాశాను. సైటు నా పేరున ఉందని, అబద్ధం రాసింది నేనేనని కూడా రాయమన్నారు, రాశాను. ఏజెంటు మర్నాడే గది ఖాళీ చేశాడు. కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో దొరికాడు. నన్ను రెండుసార్లు సాక్ష్యానికి పిలిచారు. మిగిలిన పదిమంది అమ్మాయిల ఇళ్ళకి కవర్లు మేమే చేరవేశాం. ఏజెంటు సైటు ఆ రాత్రే తీసేశాను. ఆ వారంలోనే నా పేరు మీదున్న మిగతా సైట్లన్నీ వాళ్ళవాళ్ళ పేర్లకి మార్చడం మొదలుపెట్టాను. ఒక్కోటీ మారాక పిన్నిగారు వచ్చి చూసి వెళ్ళేవారు. మెచ్చుకోలేదు. రావడం మానలేదు, అదే నాకు చాలనిపించింది.

నందివాడ అమ్మాయి నాలుగు నెలలకి తిరిగొచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు ఆమెకి ఉద్యోగముంది, సంసారముంది. గల్ఫ్ లేదు, ఆసుపత్రీ లేదు. బొంబాయిలో ఎవరింట్లోనో మంచంపట్టిన ముసలాయనకి ఆయాగా పెట్టి, గుమ్మం దాటనివ్వలేదట. వాళ్ళ నాన్న వెళ్ళి తీసుకొచ్చాడు. సర్టిఫికెట్లు మాత్రం దొరకలేదు.

కబురు తెలిసి పిన్నిగారు నా దగ్గరికి వచ్చారు. "రేపు వెళ్దాం."

"నేనొచ్చి ఏం చెప్పనండీ ఆ అమ్మాయికి?"

"ఏముందో అది చెప్పు. పేరు రాయించుకున్నవాడు అడిగినప్పుడు కనబడాలి."

వెళ్ళాం. చేపల చెరువు గట్టు పక్కన రెండు గదుల ఇల్లు. అమ్మాయి వరండాలో చాప మీద కూర్చుని తోటకూర బాగుచేస్తోంది. మేమెవరమో పిన్నిగారు చెప్పారు. ఆమె తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది. మమ్మల్ని కూర్చోమనలేదు. మంచినీళ్ళు తాగుతారా అని అడగలేదు. మా జిల్లాలో శత్రువు గుమ్మంలోకొచ్చినా అడిగే మాట అది.

నేను నిలబడే చెప్పాను. సైటు చేసింది నేనని, పేరు నాదని, ఇరవయ్యేళ్ళ మాట నేను రాసిందేనని. క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చి, అది కూడా ఆమె దగ్గర ఏదో అడగడమేనని ఆగిపోయింది.

ఆమె చేతిలో కాడ కింద పెట్టి, "అందులో మీ పేరూ ఫోన్ నంబరూ ఉంటాయని నాకప్పుడు తెలియదండీ. తెలిసుంటే మీకు ఫోన్ చేసి, వెళ్ళొచ్చా, మంచివాళ్ళేనా అని అడిగేదాన్ని. మీరేం చెప్పేవారు?" అంది.

తేలిక జవాబులు చాలా ఉన్నాయి. కనుక్కుని చెబుతాననే వాణ్ణేమో. నాకు తెలియదనే వాణ్ణేమో. పిన్నిగారు నా వైపు చూడలేదు. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నన్ను సార్ అన్న మొదటి మనిషి ఆ ఏజెంటు. నాకు తెలుసు నేనేం చెప్పేవాణ్ణో.

"మంచివాళ్ళే, వెళ్ళమ్మా అని చెప్పేవాణ్ణి" అన్నాను.

ఆమె తల ఊపింది. ఒళ్ళోంచి ఆకు దులుపుకుని లేచి లోపలికి వెళ్ళింది. ఇక రాదేమో అనుకున్నాను. రెండు గ్లాసులతో వచ్చింది. ముందు పిన్నిగారికి ఇచ్చి, తరవాత నాకిచ్చింది.

పిన్నిగారు నీళ్ళు తాగి, మోకాళ్ళ మీద చేతులానించుకుని ఆమె పక్కనే చాప మీద కూర్చున్నారు. "పోయిన సర్టిఫికెట్లకి డూప్లికేట్లు ఇస్తారమ్మా. కాలం పడుతుంది, కానీ ఇస్తారు. అర్జీ ఇప్పుడే రాసేద్దాం" అన్నారు. నా దగ్గర కాగితం అడిగారు. నోట్‌బుక్కులోంచి చింపి ఇవ్వబోతే, "నువ్వే రాయి" అన్నారు.

గట్టు మీద ఎండ దిగుతోంది. ఆవిడ చెబుతున్నారు, నేను గోడకానుకుని రాస్తున్నాను. ఎవరికి, ఏ విషయమై. అర్జీదారు పేరు దగ్గరికొచ్చాక పిన్నిగారు ఆగి, ఆ అమ్మాయి వైపు తిరిగారు.

"పూర్తి పేరు చెప్పమ్మా. సర్టిఫికెట్‌లో ఎలా ఉండేదో అలాగే."

ఆమె గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా, గట్టిగా చెప్పింది. నేను ఒక్కో అక్షరం మళ్ళీ అడిగి రాసుకున్నాను.